తిట్లు ఏరేసిన నవల

ఆ పేటలో ఆవిడను అందరూ హలో అక్కయ్య అనేవారు. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. ఉద్యోగం పోయినా గొంతు మాత్రం ఆవిడను వదిలిపోలేదు. కూరగాయల బండి దగ్గర బేరమాడినా, దూరపు ఊరి నుంచి ఎవరికో ముఖ్యమైన కబురు అందిస్తున్నట్టే ఉండేది.

ట్రంకాళ్ల రోజుల్లో దూరపు ఊళ్లకు లైను దొరక్క విసిగిపోయిన వాళ్ల కోపమంతా ఆపరేటరు మీదే పడేది. ఎదురుగా నిలబడి తిట్టేవాడికి కాస్తో కూస్తో మొహమాటం ఉంటుంది. కనబడకుండా తిట్టేవాడికి అదీ ఉండదు. పైగా హెడ్‌ఫోను చెవులకు బిగించి ఉంటుంది కదా, తిట్టు గాల్లో కాస్త చల్లారే వీలు కూడా లేకుండా వేడివేడిగా నేరుగా చెవిలోకే దిగేది. ఎదురు మాట అనకూడదని రూలు. "లైను కట్ చేస్తున్నానండీ" అని మర్యాదగా చెప్పి ప్లగ్గు పీకేయాలి. ఆవిడ పీకేసేది. కానీ ఆ తర్వాత చాలాసేపు చెవి మిరపకాయ రాసినట్టు మండుతూనే ఉండేది.

డ్యూటీ దిగాక ఆవిడకు పుస్తకాలే విశ్రాంతి. వాటిలోనూ ఎవరైనా నోరు పారేసుకుంటే మళ్లీ అదే చెవి, అదే మంట. ఠపీమని మూసేసేది. అలా మధ్యలోనే వదిలేసిన నవలలు ఎన్నో. పెళ్లయిన కొత్తలో భర్తతో సినిమాకు వెళ్లి, ఇంటర్వెల్ కాకముందే లేచి వచ్చేసింది. "హీరో తిట్టింది విలన్నే, నిన్ను కాదే!" అని ఆయన బతిమాలినా వినలేదు. ఆ సినిమా చివరికి ఏమైందో ఆ పెద్దమనిషికి బతికినంత కాలం తెలియనేలేదు.

ఆయన పోయాక, చెల్లెలు తన కుట్టుమిషను తెచ్చుకుని అక్క దగ్గరే ఉండిపోయింది. ఇంట్లో మిషను చప్పుడు, టీవీ చప్పుడు. వాటి నుంచి కాసేపు తప్పించుకుందామని అక్కయ్య గ్రంథాలయానికి వెళ్లడం మొదలుపెట్టింది. అక్కడి లైబ్రేరియన్ అమ్మాయి ఆవిడ గొంతు విని వదల్లేదు. "ఆంటీ, గురువారం మధ్యాహ్నాలు చూపులేని వాళ్లకి పుస్తకాలు చదివి వినిపిస్తున్నాం. మీలాంటి గొంతు దొరికితే ఇంకేం కావాలి?" అంది. ఉద్యోగం పోయిన గొంతుకు మళ్లీ ఉద్యోగం దొరికినట్టయింది.

వినడానికి వచ్చేవాళ్లలో ఇద్దరు ఒక్క వారం కూడా మానేవారు కాదు. ఒకావిడ సంగీతం టీచరు, పుట్టుగుడ్డి. రెండో ఆయన లారీ డ్రైవరు. ముప్పై ఏళ్లు రోడ్డు మీద బతికి, షుగరు ముదిరి చూపు పోగొట్టుకున్నాడు. పక్క వీధిలోనే కొడుకు టైర్ల షాపు. కోడలు చెయ్యి పట్టుకుని తెచ్చి, ముందు వరసలో కూర్చోబెట్టి పోయేది. కథలో ఎక్కడైనా బండి మలుపు తిరిగితే చాలు, ఆయన కుడికాలు తనకు తెలియకుండానే నేలను నొక్కేది, బ్రేకు వేస్తున్నట్టు.

ఒక గురువారం ఆయనే అడిగాడు. "అమ్మా, మా లారీవాళ్ల బతుకు మీద ఎవరో నవల రాశారట గదా. చదువుకునే రోజుల్లో నాకు పుస్తకాలు పట్టలేదు. ఇప్పుడు నా గురించి రాస్తే చదవడానికి కళ్లు లేవు. అది కాస్త వినిపిస్తారా?"

అంత ఆశగా అడిగితే కాదనేది ఎవరు? అక్కయ్య ఆ నవల ఇంటికి తెచ్చుకుంది. ముందు తను ఒకసారి చదువుకోనిదే ఎవరికీ చదివి వినిపించేది కాదు. మొదటి పేజీ సగానికి రాకముందే చెవి మండింది. పేజీకి అయిదారు చోట్ల పంటికింద రాయిలా తిట్టే. చెక్‌పోస్టు దగ్గర తిట్లు, టైరు పేలితే తిట్లు, టీ బాగుంటే మెచ్చుకోవడానికి కూడా తిట్టే.

చెల్లెలు దారం కొరుకుతూ అక్క మొహం చూసింది. "ఏమైంది, మళ్లీ ఎవరో ఏదో అన్నారా పుస్తకంలో?"

"చదవలేనే ఇది. నా నోట రావే ఈ మాటలు."

"రాకపోతే రావని చెప్పు. ఇంకెవరైనా చదువుతారు."

"ఆయన నన్నే అడిగాడే."

"అడిగితే? నువ్వు చదవకపోతే లారీలు ఆగిపోతాయా?"

ఆ మాట అక్కయ్యకు గుచ్చుకుంది. ఆ గదిలో తన కుర్చీలో ఇంకొకరు కూర్చుని చదవడం ఆవిడకు ఎందుకో ఇష్టం లేకపోయింది. అందుకే మరో దారి వెతుక్కుంది. బియ్యంలో రాళ్లు ఏరినట్టు తిట్లు ఏరేసి చదివింది. తీసేస్తే వాక్యం కుంటుపడే చోట తన మాట అతికింది. "దొంగ నా కొడకా" ఉన్నచోట "ఓరి పిచ్చివాడా" వచ్చింది. "నీ యబ్బ" అన్నచోట "అయ్యో రామ" వచ్చింది. ఆ గొంతులో అతుకు ఎక్కడుందో ఎవరికీ తెలియలేదని ఆవిడ అనుకుంది.

కథ సాగుతున్నకొద్దీ డ్రైవరు మొహంలో ఏదో తేడా. చెక్‌పోస్టు ఘట్టం అయ్యాక ఉండబట్టలేక అన్నాడు. "పొద్దున్నుంచీ ఎండలో బండి ఆపేస్తే 'అయ్యో రామ, ఎంత ఆలస్యం' అంటాడా అమ్మా ఆ మనిషి? ఈ రాసినాయన లారీని ఫొటోలో చూసుంటాడు."

అందరూ నవ్వారు. ఏమీ మాట్లాడకుండా పేజీ తిప్పితే సరిపోయేది. కానీ అక్కయ్య కూడా నవ్వింది. నవ్వి ఊరుకోలేదు. "పాపం, ఎవరో చెబితే విని రాసుంటాడండీ" అంది.

ఆ తర్వాత ప్రతి వారం అదొక వేడుకైపోయింది. కథలో డ్రైవరు నోరు విప్పితే చాలు, ఈ డ్రైవరు ఎగతాళి. పుస్తకం అయ్యేసరికి ఆ రచయిత అందరికీ ఒక జోకైపోయాడు. ఇంటికి వెళ్లే దారిలో అక్కయ్య మనసు పీకేది. "ఎవరికి నష్టం?" అని సర్దిచెప్పుకునేది. ఆ రచయిత ఎవరో, ఎక్కడుంటాడో.

ఎక్కడో కాదు, ఆ ఊళ్లోనే ఉంటాడు. సిమెంటు గోదాములో గుమస్తా. ఒక సాయంత్రం గ్రంథాలయంలో ఆయనతో ముచ్చట పెట్టించింది లైబ్రేరియన్ అమ్మాయి. హాలు నిండింది. అక్కయ్య రానందామనుకుంది గానీ, రాకపోతే ఎందుకు రాలేదని అడుగుతారని వచ్చి రెండో వరసలో కూర్చుంది. రచయిత సన్నగా, బెరుకుగా ఉన్నాడు. మాట్లాడుతున్నంతసేపూ చొక్కా చేతులు కిందికి లాక్కుంటూనే ఉన్నాడు.

ప్రశ్నలు అడగమనగానే డ్రైవరు లేచాడు. ఎవరో మైకు చేతికిచ్చారు.

"నమస్కారం బాబూ. నేను ముప్పై ఏళ్లు స్టీరింగు పట్టినవాణ్ణి. మీ పుస్తకం మొదటి నుంచి చివరిదాకా విన్నాను. కథ బాగుంది. కానీ ఒక్క మాట అడుగుతా, కోప్పడకండి. మీరు ఎప్పుడైనా లారీ ఎక్కారా? మీ డ్రైవర్లు పెళ్లిచూపులకి వచ్చినట్టు మాట్లాడుకుంటారు. ఒక్కడి నోటా ఒక్క తిట్టు లేదు. ఇలాంటి డ్రైవర్లు ఏ రోడ్డు మీద ఉన్నారో చెబితే, కళ్లు లేకపోయినా వెళ్లి దండం పెట్టుకొస్తా."

హాలంతా ఒక్క క్షణం బిత్తరపోయింది. ఆ తర్వాత నవ్వులు విరగబడ్డాయి. ఎందుకంటే ఆ నవల చదివిన ప్రతివాడికీ తెలుసు, దాని మీదున్న పెద్ద ఫిర్యాదే అందులోని తిట్లు. ఇంట్లో ఉంచుకోలేని పుస్తకమన్నవాళ్లు కొందరు, చదివాక నోరు కడుక్కోవాలన్నవాళ్లు కొందరు. రచయిత మొహం పాలిపోయింది.

"పెద్దాయనా, నన్ను ఎగతాళి చేయడానికి వచ్చారా?"

"ఎగతాళి ఎందుకు బాబూ? విన్నదే అంటున్నా."

"మీరు విన్నది నా పుస్తకమేనా?"

"మీదే. మా మేడమ్ చదివారు. ఎక్స్‌ఛేంజిలో చేసినావిడ. ఒక్క అక్షరం కూడా వదలరు. కావాలంటే అడగండి, ఇక్కడే ఎక్కడో ఉంటారు."

"ఎవరండీ ఆవిడ?" అని రచయిత హాలంతా కలయచూశాడు.

అక్కయ్య తల వంచేసింది. ఒళ్లో ఉన్న చేతిసంచీ జిప్పు లాగుతూ, మూస్తూ కూర్చుంది. లైబ్రేరియన్ అమ్మాయి కళ్లు తన మీద పడ్డాయని తెలిసింది. తల ఎత్తకుండానే, చెప్పొద్దన్నట్టు చిన్నగా అడ్డంగా ఊపింది. ఆ పిల్ల చూపు తిప్పేసుకుంది. పిల్ల ముందు కూడా పరువు పోయింది.

రచయిత పుస్తకం తెరిచి చెక్‌పోస్టు పేజీ చదివాడు. ఉన్నది ఉన్నట్టు. డ్రైవరు కుడికాలు నేలను నొక్కింది. పెదవులు కదిలాయి. మూడో వాక్యానికి మొహం విప్పారింది, చాలా ఏళ్లకు చిన్ననాటి స్నేహితుడి గొంతు విన్నట్టు. పేజీ సగమయ్యేసరికి ఆ వెలుగు ఆరిపోయింది. జరిగిందేమిటో ఆయనకు అర్థమైంది.

"క్షమించండి బాబూ. నేను విన్నది వేరే పుస్తకం" అని, మైకు పెట్టడానికి బల్ల ఎక్కడుందా అని గాల్లో తడుముకున్నాడు.

"కళ్లే అనుకున్నాం, చెవులు కూడా చూపించుకో పెద్దాయనా!" అన్నారెవరో వెనక నుంచి. మళ్లీ నవ్వులు. ఆయన కూర్చున్నాడు. మళ్లీ ఆవిడ మాట ఎత్తలేదు, ఆవిడ ఎక్కడుందని అడగనూ లేదు. ఒక్క మాట అనుంటే బాగుండేదని అక్కయ్యకు అనిపించింది. జీవితంలో మొదటిసారి, ఎవరైనా తనను తిడితే బాగుండునని కోరుకుంది.

మరుసటి గురువారం ముందు వరసలో ఆ కుర్చీ ఖాళీ. అక్కయ్య అరపేజీ చదివి, "ఒంట్లో బాలేదండీ" అని లేచింది. ఇంటికి వెళ్లకుండా తిన్నగా టైర్ల షాపుకు నడిచింది.

షాపు వెనక గదిలో, పాత టైర్ల మధ్య వేసిన మంచం మీద కూర్చుని ఉన్నాడాయన. కోడలు స్టూలు వేసి పోయింది. అక్కయ్య కూర్చోలేదు.

"తప్పయిపోయిందండీ" అంది. ఇంత గొంతున్న మనిషికి అంతకుమించి మాట పెగల్లేదు.

"కూర్చోండమ్మా."

"ఆ మాటలు నా నోట రావండీ. ఎక్స్‌ఛేంజిలో పడ్డ తిట్లకి..."

"తిట్టు నోట రాకపోవడం తప్పు కాదమ్మా" అన్నాడాయన నెమ్మదిగా. "రాదని చెప్పుంటే ఇంకొకర్ని వెతుక్కునేవాణ్ణి. ఆ బాబుని నేను వెక్కిరిస్తుంటే మీరూ నవ్వారు చూడండి, తప్పు అక్కడ."

అక్కయ్య స్టూలు మీద కూలబడింది.

"కళ్లు పోయాక నాకు అందరూ ఏరి పెట్టేవాళ్లే. షాపు బ్రహ్మాండంగా నడుస్తోందంటాడు మావాడు. గాలి మిషను మోగి ఎన్నాళ్లైందో నాకు వినబడదా? డాక్టరేమో ఏం ఫర్వాలేదంటాడు. చొక్కా మీద మరకేమీ లేదు మావయ్యా అంటుంది కోడలు. అంతా నా మంచికే, కాదనను. పుస్తకం ఒక్కటే నాకు కల్తీ లేకుండా వస్తోందనుకున్నా."

అక్కయ్య ఏడ్చింది. చప్పుడు కాకుండా ఏడుద్దామనుకుంది గానీ, ఆ మనిషి దగ్గర చప్పుడు దాచడం ఎవరి తరం?

"నాకు చెబితే సగమే చెప్పినట్టు. ఆ బాబుకి చెప్పండి" అన్నాడాయన చివరికి.

మర్నాడు సిమెంటు గోదాముకు వెళ్లింది. బస్తాలు దింపుతున్నారు, గాలంతా బూడిదరంగు. రచయిత కనురెప్పల మీద కూడా సిమెంటు పొడి. చెప్పాల్సింది దారిలో పదిసార్లు అనుకుంటూ వచ్చింది, అయినా అక్కడికొచ్చాక తడబడింది. ఎవరు చదివిందీ, ఏం మార్చిందీ, హాల్లో తను ఎక్కడ కూర్చుని ఏం చేసిందీ, అన్నీ చెప్పింది. ఆయన చేతిలోని కలానికి మూత పెట్టాడు, తీశాడు.

"ఆ రోజు ఇంటికెళ్లి మా ఆవిడతో చెప్పానండీ, ఇక రాయనని" అన్నాడు. "తిట్లున్నాయని ఒకళ్లు, లేవని ఇంకొకళ్లు. ఇంక ఎవరి కోసం రాయాలి?"

"అంతా నా వల్లే బాబూ."

ఆయన కలం జేబులో పెట్టుకున్నాడు. "మా అమ్మ ఆ పుస్తకం మొదటి పేజీలోనే మూసేసింది, తెలుసా? 'ఇందుకా నిన్ను చదివించింది' అంది. మళ్లీ ముట్టుకోలేదు. మీరు మార్చి చదివింది ఎక్కడైనా గుర్తులు పెట్టుకునుంటే ఇవ్వండి. మా అమ్మకి చదివి వినిపిస్తాను. కొడుకు ఏం రాశాడో కథైనా తెలుస్తుంది."

వెటకారమో, నిజంగా అడుగుతున్నాడో ఆవిడకు అంతుపట్టలేదు. ఆయన మొహంలో నవ్వు లేదు. ఆవిడ దగ్గర గుర్తులేమీ లేవు, అంతా నోటితో మార్చిందే. "మీకు అభ్యంతరం లేకపోతే అమ్మగారి దగ్గరికి నేనే వచ్చి చదువుతాను" అంది. "అయితే మార్చి చదువుతున్నానని ముందే చెప్పి చదువుతాను."

ఆయన తలూపాడు. చొక్కా చెయ్యి కిందికి లాక్కుని, "ముందు ఆ పెద్దాయనకి అసలుది వినిపించండి" అన్నాడు.

గురువారం మిగతావాళ్ల ముందు కూడా ఒప్పుకుంది. సంగీతం టీచరు తొణకలేదు. "నాకు మొదటి రోజే తెలుసమ్మా. అలాంటి మాట వచ్చేముందు మీ శ్వాస తేడాగా ఉండేది. నాకైతే అలాగే హాయిగా ఉంది. కథ చాలు నాకు, కారం వద్దు" అంది. అది ఓదార్పే. అయినా అక్కయ్యకు మరింత సిగ్గేసింది. దాచాననుకున్నది దాగనే లేదన్నమాట.

నవలను మళ్లీ మొదటి నుంచి, టైర్ల షాపు వెనక గదిలో, డ్రైవరు ఒక్కడికే చదివింది. మొదటి తిట్టు దగ్గర ఆగింది. నీళ్లు తాగింది. కళ్లు మూసుకుని అనేసింది. ఆ గొంతు ముప్పై ఏళ్ల అలవాటు మానుతుందా? "దొంగ నా కొడకా" అన్నది కాస్తా "దయచేసి లైనులో ఉండండి" అన్నట్టు పలికింది.

డ్రైవరు పడీపడీ నవ్వాడు. రెండోదానికి నవ్వు సగమైంది. మూడోదానికి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. "ఆపండమ్మా, ఆపండి. మా అమ్మ పూజలోంచి లేచొచ్చి తిట్టినట్టుంది. నాకే సిగ్గేస్తోంది."

అక్కయ్య పుస్తకం ఒళ్లో బోర్లించింది. తర్వాత ఆయనే దారి చెప్పాడు. "ఆ మాట వచ్చినచోట మీరు ఆగండి. నేను అందుకుంటా."

అలాగే సాగింది. ఆవిడ ఆగేది, ఆయన అందుకునేవాడు. అన్నీ సరిపోయేవి కావు.

"అది కాదండీ."

"మరేంటి? 'నీ యమ్మ'నా?"

"ఊహూఁ. అంత పెద్దది కాదు."

"అయితే 'సన్నాసి' అయ్యుంటుంది. ఛ, అక్కడ సన్నాసి ఏం సరిపోతుందమ్మా, ఇంకాస్త గట్టిది పడాలి. ఈ బాబుకి కూడా కొంచెం మొహమాటమే!"

ముందువైపు షాపులో కొడుకు, కోడలు నోళ్లు తెరుచుకుని వినేవారు. అక్కయ్య చెవి మండుతూనే ఉండేది. ఆ మంటతోనే చదివింది.

నవల చివర్లో ఒక పేజీ ఉంది. ఇద్దరు డ్రైవర్లు ఒకే బండి మీద ఏళ్ల తరబడి పనిచేస్తారు. ఒక తెల్లవారుజామున, పక్కన పడుకున్నవాడు ఇక లేవడు. రెండోవాడు వాణ్ణి భుజం పట్టి కుదుపుతాడు. మొదటిసారి అక్కయ్య అక్కడ "లే మిత్రమా, తెల్లారింది" అని చదివింది. అప్పుడు ఎవరూ ఏమీ అనలేదు, తనకూ ఏమీ అనిపించలేదు. ఈసారి ఆ మాట దగ్గరికి వచ్చింది. డ్రైవరు అందుకోవడానికి సిద్ధంగా ఉన్నాడు. ఆవిడ ఆగలేదు.

"లేరా దొంగ నా కొడకా, తెల్లారింది" అని చదివింది. ఈసారి అందులో ఎక్స్‌ఛేంజి గొంతు లేదు.

డ్రైవరు అందుకోబోయి ఆగాడు. "మా జోడీవాణ్ణి నేనూ అలాగే లేపేవాణ్ణి" అన్నాడు. "మీరు మొదటిసారి చదివినప్పుడు వాడు నాకు గుర్తు రాలేదమ్మా." అక్కయ్యకు ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. ఆయన తిట్టదలచుకుని అన్న మాట కాదని తెలిసినా తగిలింది.

పుస్తకం అయిపోయిన రోజు ఆయన అడిగాడు. "ఇంతకీ మీకు నచ్చిందా?"

"లేదండీ" అంది అక్కయ్య. "ఆ ఒక్క పేజీ తప్ప. మళ్లీ ఇలాంటిది చదవమంటే చదవలేను. వేరేవాళ్లని అడగండి."

"అడుగుతాలెండి" అని నవ్వాడాయన.

రచయిత తల్లికి కూడా చదివింది, మార్చి చదువుతున్నానని ముందే చెప్పి. ఆ ముసలావిడ కొన్నిచోట్ల, "ఇక్కడ వీడేం రాశాడో నాకు తెలుసులే" అనేది. చివరిదాకా విన్నది మాత్రం నిజం.

ఆ తర్వాత ఒకనాటి సాయంత్రం చెల్లెలు మిషను ఆపి టీవీలో సినిమా చూస్తోంది. అక్కయ్య పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. సినిమాలో ఎవడో కోపంగా అరిచాడు. మాట వినబడకుండా టీవీవాళ్లు 'కుయ్' మనిపించారు.

"ఛీ, కథంతా ఆ మాట మీదే ఉన్నట్టుంది. ఏమన్నాడే వాడు?" అని చెల్లెలు విసుక్కుంది.

అక్కయ్య చిక్కుడుకాయ మీంచి తల ఎత్తకుండా చెప్పేసింది. స్పష్టంగా, ఒక్క అక్షరం కూడా మింగకుండా.

చెల్లెలు నోరు తెరిచి అలా చూస్తూ ఉండిపోయింది. అక్కయ్యకు అప్పుడు తెలిసింది తన నోట ఏం వచ్చిందో. రెండు చెవులూ ఎర్రబడిపోయాయి. ఒడిలో తొక్కలు అలాగే పట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. వెనక చెల్లెలు నవ్వు మొదలైంది. అది ఎంతకీ ఆగలేదు.